మగ్గం పక్కన పుస్తకం

హేమావతి నోట ఒక మాట బయటికి వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు. ధర్మవరంలో వాళ్ల వీధి వీధంతటికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, "ఈ ఎండాకాలంలో నీకంటే నేనే ఎక్కువ పుస్తకాలు చదువుతా, చూస్తావా?" అని ఆమె తన చెల్లెలి కూతురితో అన్నప్పుడు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న భర్త కుళ్లాయప్ప తల కూడా ఎత్తలేదు. భార్య అన్నదంటే చేసి తీరుతుందని ఆయనకు తెలుసు. అది తన మగ్గం మీదికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

చెల్లెలి కూతురి పేరు ఈశ్వరి. యాడికి అనే ఊళ్లో వాళ్ల నాయనకు ఎరువుల అంగడి ఉంది. పిల్ల అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. హేమావతికి పిల్లల్లేరు. సెలవులిస్తే ఈశ్వరి ముందు పెద్దమ్మ ఇంట్లో దిగి, ఆ తర్వాతే యాడికి బస్సెక్కుతుంది. ఈసారి బట్టల సంచితో పాటు ఇంగ్లీషు పుస్తకాలు కూడా మోసుకొచ్చింది. వాటిని గూట్లో వరసగా నిలబెట్టి, చాప మీద పడుకుని, ఫోన్లో బొమ్మలు పైకి తోసుకుంటూ రోజులు గడుపుతోంది.

"ఆ పుస్తకాలకు ఊదుబత్తి వెలిగించమంటావా ఏందమ్మే? గూట్లో పెట్టింది పెట్టినట్లే ఉండావి," అంది హేమావతి.

"చదువుతా పెద్దమ్మా. ఈ ఎండాకాలం రోజూ ఇంత చదవాలని పెట్టుకునే తెచ్చినా. మొదులు పెట్టేదే కష్టం."

"దాంట్లో ఏం కష్టముండాది? తెరిచేది, చదివేది."

"నువ్వు చెప్తావులే. ఒకసారి చదివి చూడు, తెలుస్తాది."

పందెం అక్కడ పుట్టింది.

హేమావతి ఏడో తరగతి దాకా బడికి పోయింది. ఆ పైన వాళ్ల నాయన మగ్గానికి రెండో పక్క మనిషి కావలసి వచ్చింది. అప్పటినుంచి ఆమె చదివినవి బస్సు బోర్డులు, పెళ్లి పత్రికలు, క్యాలెండరు మీద తిథులు. అయినా తనకు చదువు రాదని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఈత నేర్చినవాళ్లు నీళ్లలో దిగక పోయినంత మాత్రాన ఈత మరిచిపోరు కదా అన్నది ఆమె ధీమా.

మరుసటి రోజు పొద్దున్నే కూరగాయల సంచితో గ్రంథాలయంలోకి నడిచింది. ఎన్నో ఏళ్లుగా ఆ గేటు ముందు నుంచే మార్కెట్టుకు పోతోంది గాని లోపల అడుగు పెట్టింది లేదు. ఫ్యాను కింద ఇద్దరు ముసలాళ్లు పేపరు చదువుతున్నారు. బల్ల వెనక సుదర్శన్ అనే కుర్రాయన కూర్చుని ఉన్నాడు. ఆమె సంచీ పక్కన పెట్టి, పేరు రాసుకోమని చెప్పింది.

"ఎట్లాంటి పుస్తకం కావాలమ్మా? దేవుళ్లవా, వంటలవా?" అని అడిగాడాయన.

"వంట నాకొచ్చు. దేవునికి నేను రోజూ చెప్పుకుంటూనే ఉండా. కథ కావాలప్పా. మధ్యాన్నం పూట నిద్ర రానీకుండా ఉండే కథ."

సుదర్శన్ నవ్వి, బీరువాల మధ్య కాసేపు తిరిగి, ఒక లావుపాటి నవల తెచ్చి ఇచ్చాడు. అట్ట చిరిగితే ఎవరో గోధుమరంగు కాగితంతో కొత్త అట్ట వేశారు. "దీన్ని తీసుకపోయినోళ్లు ఎవరూ మధ్యలో తిరిగి తేలేదు," అన్నాడు.

కాని మొదటి మధ్యాహ్నం హేమావతి పేజీ తిప్పకుండానే నిద్రపోయింది. రెండో మధ్యాహ్నం పుస్తకం ముక్కు మీద పడి మెలకువ వచ్చింది. బయట రాళ్లు పేలే ఎండ, లోపల రాగి సంగటి తిన్న కడుపు, పైన ఫ్యాను గాలి. అక్షరాలు చీమల్లా కదలడం మొదలుపెట్టేవి. ఎదురింటి నాగరత్నమ్మ, ఆ వీధిలో అందరికీ పట్టు దారాన్ని కండెలకు చుట్టిచ్చే పెద్దామె, చూసి చూసి, "అది నిద్ర కాదే, కండ్లు ఆనడం లే," అని తేల్చింది. హేమావతి ఆ సాయంత్రమే పోయి కళ్లద్దాలు చేయించుకుంది. చీమలు అక్షరాలయ్యాయి. నిద్ర మాత్రం అట్లాగే వచ్చింది.

"ఏ పేజీలో ఉండావు పెద్దమ్మా?" అని ఈశ్వరి ఫోను మీంచి చూపు తిప్పకుండానే అడిగేది.

"నీకంటే ముందు పేజీలోనే ఉండానులే," అనేది హేమావతి. అది నిజమే. ఈశ్వరి ఇంకా గూటి దగ్గరికే పోలేదు.

పని చెడితే హేమావతి ఏడ్చే మనిషి కాదు, పనిముట్టు మార్చే మనిషి. పడుకుని చదివితే నిద్ర వస్తుంది కాబట్టి చాప మానేసింది. మగ్గం పక్కన గుంజకు వీపు ఆనించి పీట మీద కూర్చుంది. అప్పటికీ తల వాలింది. నీళ్లతో మొహం కడుక్కొచ్చి, ఈసారి గొంతెత్తి చదవడం మొదలు పెట్టింది. ఒక పేజీ అయింది. ఇంకో పేజీ అయింది. నిద్ర రాలేదు. నోరు ఆడుతుంటే నిద్రకు సందు దొరకదని ఆమెకు అప్పుడు తెలిసింది.

దానివల్ల కొత్త తగాదా వచ్చింది.

"ఏమే, బడిపిల్లోళ్ల మాదిరి అరుస్తాండావు. ఈడ మగ్గం సప్పుడు సాలదా?" అన్నాడు కుళ్లాయప్ప.

"నీ మగ్గం సప్పుడు నేను ఇన్నేండ్లు వినలేదా? నా సప్పుడు నువ్వు రెండు నెలలు వినప్పా, ఏమీ కాదు."

ఆయన గొణుక్కుని పోగుల మధ్యకు నాడె విసిరాడు. ఆయనకు మాటలు తక్కువ. పెళ్లయిన నాటినుంచి వాళ్లిద్దరి మధ్య నడిచే మాటలు పట్టు గురించీ, జరీ గురించీ, అన్నం వేళ గురించీ. కోపం ఉండి కాదు. ఇంకొకటి మాట్లాడుకోవచ్చని ఇద్దరికీ తోచలేదు, అంతే.

నవల గంగులమ్మ అనే గొర్రెల కాపరిది. వానల్లేని ఏడాది, మొగుడు మంచంలో ఉంటే, ఆమె ఒక్కతే మందను తోలుకుని ఏటి ఒడ్డు ఊళ్ల వైపు పోతుంది. దారిలో మేత దొరకదు, ఊళ్లవాళ్లు దిగనివ్వరు, ఒక గొర్రె ఈనుతుంది, ఒక కుక్క చచ్చిపోతుంది. ఇవన్నీ హేమావతికి తెలిసిన సంగతులే. వాళ్ల అమ్మ పుట్టినూరు కణేకల్ దగ్గర. చిన్నప్పుడు కాలవ గట్టు వెంబడి పోయే మందలను ఆమె ఎన్నిసార్లు చూసిందో. అయినా ఆ మందల వెనక నడిచే మనిషి మనసులో ఏముంటుందో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ మనిషి తన ఒళ్లో పుస్తకంలో కూర్చుని అంతా చెబుతోంది.

కొన్నాళ్లకు హేమావతి ఒకటి కనిపెట్టింది. కథలో బాధ వచ్చి తాను గొంతు తగ్గించినప్పుడల్లా మగ్గం చప్పుడు కూడా తగ్గుతోంది. గొంతు పెంచితే మళ్లీ మామూలుగా ఆడుతోంది. ఆమె కావాలని ఒకచోట గొంతు మరీ తగ్గించింది. మగ్గం ఆగిపోయింది.

"ఏమప్పా, వింటాండావా?"

"నేనెందుకు వింటా? పోగు తెగింది," అన్నాడు కుళ్లాయప్ప. పోగేమీ తెగలేదు. హేమావతి కళ్లద్దాల మీదుగా చూసి మళ్లీ చదవసాగింది.

మే నెల మధ్యలో అసలు ఇబ్బంది వచ్చిపడింది. ఆ రోజు గంగులమ్మ సాయంత్రం పూట మందతో ఏరు దాటుతోంది. ఎక్కడో పైన వాన కురిసింది. సగం మంద నీళ్లలో ఉండగా ఎర్రటి నీళ్లు రావడం మొదలయింది. హేమావతి ఊపిరి పీల్చుకోకుండా చదువుతోంది. నాగరత్నమ్మ కండెలు చుట్టే రాట్నం తెచ్చుకుని మరీ గడపలో కూర్చుంది. చాప మీద ఈశ్వరి ఫోను బోర్లా పెట్టింది. కుళ్లాయప్ప చేతులు మాత్రం వాటి పాటికి అవి ఆడుతున్నాయి.

"అయ్యో!" అన్నాడాయన ఒక్కసారిగా.

గంగులమ్మకే ఏదో అయిందని నాగరత్నమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన చూస్తున్నది చీరను. అది పెళ్లి చీర, ఒళ్లంతా జరీ బుటాలు. ఇంత నేశాక ఒక వరుస చొప్పున బుటాలు చేత్తో వెయ్యాలి. ఆయన ఒక వరుస మరిచి, దాని మీద జానెడుకు పైగా నేసేశాడు. నిండుగా ఉన్న చీర మధ్యలో బోసిగా ఒక పట్టీ.

పన్నెండేళ్ల వయసు నుంచీ నేస్తున్న మనిషి. అట్లాంటి తప్పు చేసిన గుర్తు ఆయనకు లేదు. ముఖం నల్లబడింది.

"చాలు! ఇంక ఈ కొంపలో ఆ పుస్తకం కనపడకూడదు. తీసుకపోయి ఆ లైబ్రరీ ఆయన మొకాన కొట్టు!"

"ఎందుకు కొడతా? బుటా మరిచింది నీ చెయ్యి. నా నోరు మరవలేదే!"

"నీ నోటి వల్లే కదే చెయ్యి మరిచింది!"

"అంటే విన్న్యావన్నమాట," అంది హేమావతి.

ఆయన నాడె పక్కన పడేశాడు. లేచి బయటికి పోయి, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు. హేమావతి వచ్చి ఆ బోసి పట్టీని జానతో కొలిచి చూసింది. చీర నెలాఖరుకు, నేతకు పట్టు ఇచ్చే సావుకారుకు అందాలి. ఆ చీర కట్టుకోబోయే పిల్ల పెళ్లి అప్పుడే. ఆమె పుస్తకం మూసి గూట్లో, ఈశ్వరి పుస్తకాల పక్కన పెట్టింది. కాని గ్రంథాలయానికి ఇచ్చేయాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. మగ్గం దగ్గర చదవకపోతే వంటింట్లో చదువుతుంది. మొగుడు తిట్టాడని ఏటి మధ్యలో గంగులమ్మను ఎట్లా వదిలేస్తుంది?

మరునాడు పొద్దున బొరుగుల ఉగ్గాని తిని ఇద్దరూ చీర విప్పడానికి కూర్చున్నారు. నేయడం కంటే విప్పడం కష్టం. మగ్గానికి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు కూర్చుని నేసిన పోగును ఒక్కొక్కటే వెనక్కి తియ్యాలి. కొంచెం గట్టిగా లాగితే నిలువు పోగు తెగుతుంది. మగ్గం ఆడటం లేదు కాబట్టి ఇల్లంతా చప్పుడు లేదు. ఈశ్వరి వాళ్లిద్దరి మొహాలూ చూస్తూ భయం భయంగా కూర్చుంది.

చాలాసేపటికి కుళ్లాయప్ప తల వంచుకునే అడిగాడు.

"మందంతా ఏటి పాలాయనా?"

హేమావతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకుంది.

"తెలీదప్పా. ఆడనే కదా నువ్వు ఆపిచ్చింది."

"అట్లయితే చదువు. ఇప్పుడు మరిచేదానికి బుటాల్లేవు గదా."

"నా రెండు చేతులూ పోగు మీదుండావి. యా చేత్తో పట్టుకోవాల? పాపా ఈశ్వరీ, ఆ పుస్తకం తీసుకో. గుర్తు పెట్టినాను చూడు, ఆడి నుంచి చదువు."

ఈశ్వరి కదల్లేదు. "నాకు వద్దు పెద్దమ్మా. నువ్వే తర్వాత చదువుదువులే."

"ఏం, నోరు నొస్తాదా? డిగ్రీ చదివే పిల్లవు!"

పిల్ల పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. మొదటి వాక్యాన్ని, కాగితం మీద దారి వెతుక్కుంటున్నట్టు, వేలు పెట్టి చదివింది. ఒత్తు వచ్చినచోట ఆగింది. 'ప్రవాహం' అనే మాటను ముక్కలు ముక్కలుగా పలికింది. రెండు వాక్యాలకే చెమట పట్టింది. పుస్తకం మూసేసి, "చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం పెద్దమ్మా. తెలుగు పరీక్షకు బట్టీ పట్టి రాసినా. చదవాలంటే బిన్నా రాదు, ఒక్కో అక్షరం కూడబలుక్కోవాల," అంది. "ఆ ఇంగ్లీషు పుస్తకాలేమో తెరిస్తే వాటిలో మనుషులు యాడోళ్లో, ఏం తింటారో, ఏమీ తెలీదు. రెండు పేజీలకే విసుగొస్తాది. క్లాసులో అందరూ చదివినామంటారని తెచ్చుకున్న్యా. నాకసలు చదివేదే చేతకాదేమో."

హేమావతి పోగు మీంచి చెయ్యి తియ్యలేదు. పిల్లను ఓదార్చాలనీ అనిపించలేదు. ఓదారిస్తే అది జబ్బు అవుతుంది. ఇది జబ్బు కాదని ఆమెకు తెలుసు.

"నేను మొదటి రోజు ఏం చేసినా? పుస్తకం మొకానేసుకుని గురక పెట్టినా. నువ్వు చూసి నవ్వలే? ఇప్పుడు చదవడం లే? తెరువు. ఆ మాట మళ్లా చెప్పు. ప్ర-వా-హం."

"ప్రవాహం."

"ఆ. తర్వాత?"

ఆ పొద్దంతా అట్లాగే సాగింది. ఈశ్వరి తడబడితే హేమావతి మాట అందించేది. హేమావతికి కూడా తెలియని మాట వస్తే కుళ్లాయప్ప, "దాని తర్వాత మాటేంది? దాన్ని బట్టి తెలిసిపోతాది," అనేవాడు. పిల్ల నెమ్మదిగా చదవడం వల్ల ఏట్లో నీళ్లు కూడా నెమ్మదిగా పెరుగుతున్నట్టు ఉంది. నాగరత్నమ్మ రాట్నం ఆపేసి, "బిరిన చదువమ్మా, ఆ యమ్మ మునిగిపోతాది!" అని తొందర పెట్టింది. చివరికి గంగులమ్మ మందలోని ముసలి పొట్టేలు మెడకు తాడు కట్టి, దాన్ని ముందు పెట్టి మిగిలిన మందను గట్టెక్కించింది. కొన్ని పోయాయి. ఎక్కువ బతికాయి.

కుళ్లాయప్ప పెద్దగా ఊపిరి వదిలాడు. "తెలివైన ఆడిది," అన్నాడు. అప్పటికి బోసి పట్టీ అంతా విప్పడం అయిపోయింది.

మర్నాటి నుంచి మగ్గం మళ్లీ ఆడింది. పుస్తకమూ మళ్లీ పీట మీదికి వచ్చింది. అయితే ఈసారి కట్టడి కుళ్లాయప్పే పెట్టాడు. సాదా నేత నేసేటప్పుడు చదవచ్చు. బుటాల వరుస రాగానే ఆయన "ఆపు" అంటాడు. అనగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి. వరుస పూర్తయ్యాక "ఊఁ" అంటే మళ్లీ మొదలు. ఆ ఆపిన సందులో నాగరత్నమ్మ తర్వాత ఏమవుతుందో చెప్పేది. ఆమె చెప్పింది ఎప్పుడూ జరిగేది కాదు. అయినా మళ్లీ చెప్పేది. చీర చెప్పిన గడువుకు సావుకారు ఇంటికి చేరింది. దానిలో వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

గంగులమ్మ కథ అయిపోతే హేమావతి మరో పుస్తకం తెచ్చింది. అది అయిపోతే ఇంకొకటి. పొద్దున మార్కెట్టుకు పోతే టమోటాలు, వంకాయలు, పుస్తకం, ఇవి ఆమె సంచిలో మామూలు సరుకులయ్యాయి. అన్నం తిన్నాక చేతులు కడుక్కోగానే కళ్లు వాటంతట అవే కళ్లద్దాల కోసం వెతికేవి. ఒకరోజు పామిడిలో చుట్టాల పెళ్లికి పోయి, మధ్యాహ్నం పూట చదవడానికి ఏమీ లేక, పెళ్లిపందిట్లో బోర్డులన్నీ చదివి, విసుగెత్తి, సాయంత్రం బస్సుకే వచ్చేసింది. ఇంక ఇది పందెం కాదని ఆమెకు ఆ బస్సులో అర్థమయింది.

ఈశ్వరి కూడా మారింది. మొదట్లో రోజుకు ఒక పేజీ బయటికి చదివేది. తర్వాత పెద్దమ్మా, తనూ వంతులేసుకుని చదివారు. జూన్ వచ్చేసరికి పిల్ల పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పెదాలు కదపకుండా, కథలో ముందుకు పోయి దొంగతనంగా చదవడం హేమావతి కళ్లబడింది. హేమావతి చూడనట్టే లోపలికి పోయింది. ఇంకో రోజు ఈశ్వరి తన ఇంగ్లీషు పుస్తకం ఒకటి గూట్లోంచి దించి, పెద్దనాయన నేస్తుంటే దాన్లో కథను తెలుగులో చెప్పింది. మంచు పడే ఊళ్లో ఒక ముసలాయన తన గుర్రాన్ని అమ్ముకోలేక పడే యాతన.

"ఆయప్పది మన పక్కేనేమో. ఎద్దును అమ్మేటప్పుడు మా నాయన కూడా అట్లే చేసినాడు," అన్నాడు కుళ్లాయప్ప. ఈశ్వరి ఆ రాత్రి అన్నం తినేలోపే ఆ పుస్తకంలో మరో కథ చదివి ముగించింది.

పందెంలో గెలిచింది పెద్దమ్మే. దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. కాలేజీ తెరిచే ముందు రోజు ఈశ్వరి బట్టలు సర్దుకుంటూ తానే ఒప్పుకుంది. "వచ్చే ఎండాకాలం ఇట్లుండదు, చూడు," అని కూడా అంది. హేమావతి ఆమెను అనంతపురం బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "హాస్టల్లో నిద్రొస్తే బయటికి చదువు. ఎవరన్నా నవ్వితే వాళ్లను కూడా కూర్చోబెట్టుకో," అని చెప్పింది.

ఆ ఏడాది జూలైలో వాన విడవకుండా పడింది. మగ్గం గుంతలో చెమ్మ ఊరి నేత ఆగింది. పని లేని రోజుల్లో కుళ్లాయప్ప అరుగు మీద కూర్చుని వీధిలో పోయే నీళ్లు చూసేవాడు. ఒక పొద్దు హేమావతి సంచి తీసుకుంటే తానూ చెప్పులేసుకున్నాడు.

"యాడికి?"

"నువ్వు పోయే తావుకే. ఎప్పుడూ నీకు నచ్చినవే తెస్తాండావు. ఆడ ఏముండావో నేనూ చూడాల."

గ్రంథాలయంలో ఆయన బీరువాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. అరలోని పుస్తకాన్ని తీసి, వేళ్లతో కాగితం రాసి చూసి, నేత చూసినట్టే వెలుగుకు పట్టి చూసి, మళ్లీ పెట్టాడు. చివరికి లారీ డ్రైవరు కథ ఒకటి ఎంచుకుని సుదర్శన్ ముందు పెట్టి, తన పేరు కూడా రాసుకోమన్నాడు. సుదర్శన్ పేరు రాసుకున్నాడు.

ఆ కథను ఆయనే చదివాడు, నాలుగు రోజులు పట్టింది. హేమావతి పప్పు రుబ్బుతూ వింది. చివరలో ఆ డ్రైవరు, చిన్నప్పుడు తనను వదిలేసి పోయిన అన్నను దారిలో గుర్తుపట్టి కూడా, లారీ ఆపకుండా పోతాడు.

"మంచి పని చేసినాడు," అన్నాడు కుళ్లాయప్ప పుస్తకం మూస్తూ.

"ఏం మంచి? అన్న కదా! ఒక్క మాట అడిగి పోతే ఏం పోయె?"

"అడిగితే మళ్లా అంతా మొదుటికి రాదా? అన్నీ గుర్తుకు రావా?"

"రానీ! గుర్తుకొస్తే చస్తాడా? నువ్వయితే ఆపకుండా పోతావా?"

ఆయన ఆలోచించాడు. ఇన్నేళ్లలో ఆమె ఆయనను అట్లాంటిది అడగడం అదే మొదలు. బయట వాన మళ్లీ పట్టుకుంది. ఎదురింటి గడపలోంచి నాగరత్నమ్మ, ఏమిటీ గొడవ అని కేకేసింది.

"నేనయితే," అన్నాడు కుళ్లాయప్ప, "కొంచెం దూరం పోయి ఆపుతా."

"అట్ల చెప్పు. ఎంత దూరం?" అని హేమావతి రుబ్బురోలు వదిలేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.